అడ్డంగా ఊపిన తల

ద్రియనొవో,
18 అక్టోబర్ 1999, సోమవారం

రడ్కాకు,

నీ భర్త దోబ్రి రాయడం ఏమంటే, ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ క్షేమం, మేక క్షేమం, మొన్నటి వానలకు పైకప్పు కూడా క్షేమంగానే నిలిచింది. అక్కడ ఇటలీలో, బొలోన్యాలో నువ్వూ, నువ్వు చూసుకునే ముసలి సిన్యోరా క్షేమమని తలుస్తాను. నేనూ క్షేమమనే రాయాలి కదా, ఉత్తరమంటే అలాగే మొదలవ్వాలి కాబట్టి రాసేశాను. చివరిదాకా చదివాక నా పేరు దగ్గర ఆ మాట కొట్టేసుకో.

నీ ఉత్తరం మూడు వారాల క్రితం, ఇటలీ బస్సు నడిపే వల్చో చేతి మీదుగా అందింది. జవాబు రాలేదని తిట్టుకునే ఉంటావు. తిట్టు, పడతాను. కానీ ఆలస్యం బద్ధకం వల్ల కాదు.

అడిగినవాటికి ముందు జవాబులు. మీ అమ్మ కాలి వాపు తగ్గింది. డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు, ఆవిడ డాక్టరునే మానేసింది. మిల్లులో ఇంకో షెడ్డు మూసేశారు, నా షెడ్డు మాత్రం ఇంకా నడుస్తోంది. ఎర్ర మిరపకాయలు పెరట్లో రేకు మీద కాల్చి, పొట్టు వలిచి, పచ్చడి పెట్టాం. పొగకు పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. నీ వాటా సీసాలు వల్చో చేతికి ఇస్తున్నాను. దారిలో ఒకటో రెండో అతను ఖాళీ చేస్తాడు, నువ్వు అడగకు.

నీ సూపు కథ మీ అమ్మకు చదివి వినిపించాను. ఇంకొంచెం కావాలా అని సిన్యోరా అడిగితే నువ్వు మన అలవాటు ప్రకారం తల అడ్డంగా ఊపావట. మనకు అది ఔనని, వాళ్ళకు అది వద్దని. ఆవిడ గిన్నె పట్టుకుని చక్కా పోయిందట. మర్నాడు, కడుపు నిండిపోయాక, వద్దని నువ్వు నిలువుగా ఊపితే ఇంకో గరిటె పోసిందట. మీ అమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "ఎనిమిది నెలలైంది, నాలుక మారింది గానీ నా కూతురి తల మారలేదు" అంది. ఈ ఏడాదిలో ఆవిడ నవ్వగా చూడటం అదే మొదటిసారి. నేనూ నవ్వాను. నవ్వాక చేతిలో రొట్టె పక్కన పెట్టేశాను. ఎందుకో తర్వాత చెబుతాను, ఇప్పుడే చెప్పే ధైర్యం లేదు.

ఇక నువ్వు అసలు అడిగిన మాట. "మా నాన్న కెమెరా సంగతి ఏమైంది? మిల్లులో చచ్చిన మగ్గాలన్నిటినీ లేపి కూర్చోబెడతావు, అరచేతిలో పట్టే పెట్టెను పదకొండు నెలలుగా సొరుగులో పడేశావు. అందులో నా కొడుకున్నాడు దోబ్రీ" అని రాశావు. ఆ వాక్యం ఉన్న చోట కాగితం మడత పడి చిరిగింది. జేబులోంచి అన్నిసార్లు తీశాను.

వాడు పోయి ఏడాదవుతోందని ఊళ్ళో అంటించే కాగితం మీద స్కూలు ఫోటో వేయవద్దన్నావు. నలభై రోజులకు వేసినది అదే కదా. గుమ్మం మీద, చర్చి గోడ మీద, బస్టాండు స్తంభం మీద, ఎక్కడ చూసినా ఆ ఫోటోనే. అరువు కోటు, నీళ్ళతో అణగదువ్విన జుట్టు, మూసిన నోరు. "అది మన యసెన్ కాదు, ఆ కోటు ఎవరిదో, ఆ మొహమూ ఆ కోటువాడిదే" అన్నావు. నిజమే. పళ్ళు కనబడకుండా మన యసెన్ ఎప్పుడున్నాడు?

ఆ తర్వాతి పేజీలో ఇంకో మాట రాశావు. "తాళంచెవి దొంగిలించినందుకు వాణ్ణి క్షమించేశాను. కానీ మరిచిపోలేకపోతున్నాను. పంతొమ్మిదేళ్ళు పెంచాను, నా బిడ్డ చేసిన ఆఖరి పని దొంగతనం." దానికి జవాబు కూడా ఈ ఉత్తరంలోనే ఉంది. కొంచెం ఓపిక పట్టు రడ్కా. నాకు వరసగా చెప్పడమే చేతనవును.

మామయ్య కెమెరాను యసెన్ అటకమీంచి దింపింది పోయినేడు వేసవిలో. తోలు సంచి బూజు పట్టి ఉంది. లోపల షట్టరు గుడ్డకు సూది మొనంత చిల్లులు. మూత లేకుండా ఏళ్ళ తరబడి ఎండ తగిలితే అద్దం గుడ్డను కాల్చేస్తుందని వాడే కనిపెట్టాడు. కొత్త గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? సైకిలు ట్యూబుకు వేసే జిగురులో నీ పొయ్యి మసి కలిపి, నీ కాటుక కుంచెతో ఒక్కో చిల్లూ పూడ్చాడు. కుంచె పోయిందని నువ్వు ఇల్లంతా వెతికావు, గుర్తుందా? అద్దం తుడవడానికి మీ అమ్మ సారా సీసా ఎత్తుకుపోయాడు. "మా ముసలాయన తాగింది చాలక ఇప్పుడు ఆయన కెమెరా కూడా మొదలెట్టిందా?" అని ఆవిడ గుమ్మంలో నిలబడి దులిపేసింది.

తోలు సంచి మూత లోపల మామయ్య చేతిరాతతో చీటీ అంటించి ఉంది. పెన్సిలు రాత. "ముందు తిప్పు, ఆ తర్వాతే వేగం మార్చు. మరిచినవాడు గాడిద." ఆ రకం కెమెరాలకు అదొక్కటే శాస్త్రం. ఫిల్ము తిప్పే చక్రం ఒకటి, షట్టరు వేగం పెట్టే చక్రం ఒకటి. ముందు ఫిల్ము తిప్పి, తర్వాత వేగం పెట్టాలి. తారుమారైతే లోపలి పిన్ను తప్పి అంతా ఇరుక్కుపోతుంది. మన ఊళ్ళో ఇలాంటి కెమెరా ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక గాడిద ఉండే ఉంటాడు.

ఆ రోజు సంగతి నీకు చెప్పినది చెప్పినట్టు ఇక్కడ ఒకసారి రాస్తాను. నవంబరు ఏడు, పెద్దల శనివారం. మీ అమ్మ ఉడికించిన గోధుమలు పట్టుకుని మామయ్య సమాధి దగ్గరికి వెళ్ళింది. నువ్వు పొద్దుటి షిఫ్టులో ఉన్నావు. ఇంట్లో వాడూ నేనూ. వాడు బండి తాళంచెవి అడిగాడు. దిమిత్రి పండగ దాటి చలికాలం మొదలయ్యాక మోటార్ సైకిలు షెడ్డులోంచి కదలకూడదని నువ్వు మా ఇద్దరిచేతా ఒట్టు వేయించుకున్నావు, తాళంచెవి నా కోటు జేబులో ఉంది. నేను ఒక్క మాట కూడా అనలేదు. నేలమాళిగలోకి వెళ్ళి వచ్చేసరికి కోటు జేబు ఖాళీ, షెడ్డు ఖాళీ. వంతెన మలుపులో నీడకు మంచు కరగలేదు, బండి జారింది. ఇదీ నేను చెప్పింది. ఇదే పోలీసుకు చెప్పాను, పాదిరిగారికి చెప్పాను, నీకు చెప్పాను. నువ్వు నమ్మావు.

సరే. నీ ఉత్తరం అందిన రెండో రోజున సొరుగు తెరిచాను. కెమెరా తీసుకుని ఫోటో గెన్కో దగ్గరికి వెళ్ళాను. పెద్దాయనకు డెబ్బై ఎనిమిది. ఇప్పుడు ఆయన చేసే పనల్లా సమాధి రాళ్ళకు పింగాణీ బిళ్ళల మీద ఫోటోలు ఎక్కించడమే. "పెళ్ళిళ్ళవాళ్ళు నన్ను మరిచిపోయారు, పోయినవాళ్ళే నమ్మకంగా వస్తున్నారు" అంటాడు. కెమెరా తిప్పి చూసి, చెవి దగ్గర ఆడించి, "ఏ గాడిద చేశాడు ఇది?" అన్నాడు. నేనే అన్నాను. అప్పటికి అంతే చెప్పాను.

మూత వెలుతురులో తెరిస్తే లోపలి ఫిల్మంతా పోతుంది. ఆయన వేళ్ళకు మరలు తిప్పే పట్టు లేదు, అందుకని చీకటి గదిలో పని నేనే చేయాల్సి వచ్చింది. ఎర్ర దీపం కూడా కూడదు. మిట్టమధ్యాహ్నం, బయట సంతలో క్యాబేజీల బేరాలు వినబడుతున్నాయి, లోపల నా చెయ్యి నాకు కనబడదు. గెన్కో తలుపు అవతల కూర్చుని ఏ మర ఎక్కడుందో చెబుతుంటే తడుముతూ విప్పాను. ముప్పై ఏళ్ళుగా మగ్గాల కడుపుల్లో తిరిగిన వేళ్ళు రడ్కా, ఏనాడూ ఇంత చెమట పట్టలేదు. ఫిల్ము చివర వేలికి తగిలింది. అంచు బెజ్జాలు చిరిగిపోయి, పళ్ళు ఊడిన దువ్వెనలా ఉంది. ఆ చిరుగు నా చేతిదే.

డబ్బాలోకి ఎక్కించాక గెన్కో వచ్చి మందులు పోశాడు. ఆరబెట్టి, ఆ సాయంత్రమే ఎర్ర దీపం కింద కాగితాల మీదకు తీయడం మొదలుపెట్టాం. ఒక్కొక్కటే తట్టలో తేలింది. మన పొగగొట్టం. మిల్లు గేటు. మిరపకాయలు వలుస్తున్న మీ అమ్మ చేతులు, చేతులు మాత్రమే. నువ్వు, షిఫ్టు నుంచి వచ్చి, ఒళ్ళో సంచీ దించకుండానే వంటింటి బల్ల మీద తల వాల్చి నిద్రపోతున్నావు. నీకు తెలియకుండా తీశాడు. పళ్ళెం మూత పక్కన ఉంది, ఆవిరి కూడా పడింది. అంత బాగా తీస్తాడని నాకు తెలియదు. ఏం తీస్తున్నావని వాడున్నప్పుడు ఒక్కసారి కూడా అడగలేదు.

అన్నీ చూశాం. వాడు ఎక్కడా లేడు. తీసేవాడు వాడే కదా, ఎలా ఉంటాడు? ఒక్క ఆఖరిది మిగిలింది. "అది వదిలెయ్, గజిబిజిగా ఉంది" అన్నాడు గెన్కో, ఫిల్ము దీపానికి ఎత్తి చూసి. నేను తియ్యమన్నాను.

తట్టలో ముందు కిటికీ వచ్చింది. తర్వాత యసెన్ వచ్చాడు. స్టూలు మీద, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, చెవి మీద మసి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. వాడే రడ్కా. నువ్వడిగినవాడే. నేను తట్టలో చెయ్యి పెట్టబోతే గెన్కో నా మణికట్టు పట్టుకున్నాడు. ఇంకేదో వస్తోంది. యసెన్ మొహం మీదుగా ఇంకో మొహం తేలింది. పెద్దది, మసకది, అటు నుంచి ఇటు సాగిపోయినది. మీసం మూడు చోట్ల ఉంది. ఆ సాగిన మొహంలోంచి వాడి కళ్ళు చూస్తున్నాయి, నోటి దగ్గర వాడి నవ్వూ నా మీసమూ కలిసిపోయాయి.

గెన్కో తట్టను దీపం దగ్గరికి జరిపాడు. ఆయన నోట మూడు ముక్కలే వచ్చాయి.

"దోబ్రీ, దేనికి ఔనన్నావు?"

ఏ ఊరివాడైనా, ఏ దేశంవాడైనా ఆ ఫోటో చూసి పాడైందని పక్కన పడేస్తాడు. మనవాళ్ళెవరూ పడేయరు. మన ఊళ్ళో పాలుతాగే పిల్లాడికి చూపించినా, తాత ఔనంటున్నాడని చెబుతాడు. పదకొండు నెలలుగా నన్నెవరూ అడగని ప్రశ్న అది. పోలీసు "ఇచ్చావా?" అన్నాడు, నువ్వు "ఎలా తీసుకున్నాడు?" అన్నావు, పాదిరిగారు ఏమీ అడగలేదు. దేనికి ఔనన్నావని అడిగినవాడు గెన్కో ఒక్కడే.

"తాళానికి" అన్నాను.

ఆయన ఉన్న ఒక్క కుర్చీలో కూలబడ్డాడు. నేను గోడకానుకుని నిలబడ్డాను.

ఇప్పుడు నీకు చెబుతున్నాను. ఆ పొద్దున వాడు కిటికీ దగ్గర కూర్చుని, "ఆఖరి బొమ్మ నువ్వు తియ్యి నాన్నా, ఈ ఫిల్ములో నేనే లేను" అన్నాడు. తీశాను. తీసి వాడికిచ్చేస్తే సరిపోయేది. అన్నీ తెలిసినవాడిలా ముందు వేగం చక్రం తిప్పాను. ఆ తర్వాత ఫిల్ము తిప్పాను. బిగుసుకుంది. బిగుసుకున్నదానికి బలం పెట్టడమే కదా నా ఉద్యోగం, పెట్టాను. లోపల చిరిగింది. ఫిల్ము జరగక వాడి బొమ్మ దగ్గరే ఆగింది, షట్టరు మాత్రం మళ్ళీ నొక్కడానికి ఎక్కి కూర్చుంది. వాడు లాక్కుని, "తాతయ్య చీటీ నీకోసమే రాశాడు నాన్నా" అని పడీ పడీ నవ్వాడు. ఇంకోటి వస్తుందేమో చూద్దామని నా వైపు పెట్టాడు. కన్ను కెమెరాకు ఆనించే అడిగాడు: "ఫిల్ము అయిపోయింది. గాబ్రొవో పోయి ఇంకోటి తెచ్చుకుంటాను. బండి తాళం ఇస్తావా?"

ఎండ కాసింది. జనవరిలో వాణ్ణి సైన్యానికి పిలుస్తారు. ఫిల్ము పాడుచేసింది నేను. దిమిత్రి పండగ వెళ్ళి పన్నెండు రోజులైందని తెలుసు, నీకు వేసిన ఒట్టు తెలుసు. తెలిసే తల ఊపాను. అడ్డంగా, రెండు మూడు సార్లు, నవ్వుతూ. వాడు నొక్కాడు. షట్టరు ఎప్పటిలా టక్కుమనలేదు, నిద్రమత్తులో ఉన్నట్టు నెమ్మదిగా మూసుకుంది. ఆ తర్వాత మళ్ళీ కదల్లేదు. వాడు కెమెరా బల్ల మీద పెట్టి, నా కోటు దగ్గరికి వెళ్ళి, తాళంచెవి నా కళ్ళ ముందే తీసుకున్నాడు. "అమ్మ వచ్చేలోపు వచ్చేస్తా" అన్నాడు. నేను వెళ్ళింది నేలమాళిగలోకి కాదు. షెడ్డు తలుపు తీసింది నేనే.

పోలీసు వచ్చి, "తాళం నువ్విచ్చావా?" అని అడిగినప్పుడు నా తల దానంతటదే పైకి లేచింది. కాదని. అతను రాసుకున్నాడు. అతను రాసుకున్నదే మధ్యాహ్నానికి నీకు చెప్పాల్సి వచ్చింది. నువ్వు గోడ పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నావు రడ్కా. నేనిచ్చానని చెబితే ఆ గోడ కూడా వదిలేసి పడిపోతావనుకున్నాను. కాదు, అది కూడా అబద్ధమే. నా దగ్గరి నుంచి వెళ్ళిపోతావనుకున్నాను. చూడు, చెప్పకపోయినా వెళ్ళనే వెళ్ళావు.

రెండుసార్లు తల ఊపాను. ఔనన్నప్పుడు నోరు తెరవలేదు, కాదన్నప్పుడూ నోరు తెరవలేదు. అందుకే ఏడాదిగా "తీసుకోమని నేనొక్క మాట అనలేదు" అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగాను. మాట నిజంగానే అనలేదు. అంత నీచుణ్ణి.

ఇంకొకటి కూడా ఉంది, అది కూడా రాసేస్తాను. ఏప్రిల్లో ఒక రోజు కెమెరాను పెరట్లోకి తీసుకెళ్ళాను. నా బొమ్మ అందులో పడిందని నాకు తెలుసు. మూత తీసి ఎండలో పెడితే అయిపోతుంది, బాగుచేయబోతే పాడైందని నీకు రాయొచ్చు. మూత గొళ్ళెం మీద బొటనవేలు పెట్టి మేక పక్కన ఎంతసేపు కూర్చున్నానో. వాడి ఆఖరి బొమ్మ కూడా అందులోనే ఉందని తెలుసు కదా, చెయ్యి రాలేదు. దాన్ని మంచితనం అనుకోకు. పొద్దున్నే లేచి మళ్ళీ ప్రయత్నిద్దామనుకుంటూ ఐదారు నెలలు గడిపాను.

గెన్కో లేచి నిలబడ్డాక నా మీద జాలిపడ్డాడు. "నిన్ను గీకి తీసేస్తాను. అరవై ఏళ్ళుగా పోయినవాళ్ళ మొటిమలు, పులిపిర్లు తీస్తున్నాను, నీ మీసం నాకో లెక్కా? పిల్లాడొక్కడే మిగులుతాడు. ఎవరికీ తెలియదు" అన్నాడు. సరే అన్నాను. అవును, సరే అన్నాను. నోటితోనే అన్నాను.

మూడు రోజులకు పని పూర్తయింది. నా మొహం ఎక్కడా లేదు, కిటికీ శుభ్రంగా ఉంది. యసెన్ ఒక్కడే కూర్చున్నాడు. కానీ నోటి మీద నుంచి నన్ను తీయాలంటే నోరు కూడా తీయాలి కదా. పెద్దాయన కుంచెతో కొత్త నోరు పెట్టాడు. చక్కటి నోరు. పట్టుకెళ్ళి మీ అమ్మకు చూపించాను. బల్ల మీద గోధుమలు ఏరుతోంది, రాబోయే పెద్దల శనివారానికి ఇప్పటి నుంచే. కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఎవరీ అబ్బాయి? మనవాడి పోలికలున్నాయి" అంది.

అప్పుడు రెండోది తీసి పక్కన పెట్టాను.

ఆవిడ ఆ కాగితం దగ్గరగా పట్టుకుంది, దూరంగా పట్టుకుంది. యసెన్ బుగ్గను వేలితో నిమిరింది. తర్వాత ఆ వేలు నా మీసాల మీద అటూ ఇటూ వెళ్ళింది, నేను ఎటు ఊపానో అటే. అడగాల్సిన పని లేకపోయింది. "పిల్లాణ్ణి దొంగను చేసి పూడ్చిపెట్టావు కదయ్యా" అంది. గొంతు కూడా పెంచలేదు. "ఏడాదిగా ఆ రాయి దగ్గర కూర్చుని, నా మనవడు దొంగ కాదు, చిన్నతనం, క్షమించమని దేవుణ్ణి బతిమాలుకుంటున్నాను. ఇన్నాళ్ళూ తప్పు మనిషి తరఫున బతిమాలుకున్నానన్నమాట."

నీకు రాయవద్దని అంటుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. అనలేదు. ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. మూడు పూటలా పళ్ళెం పెడుతుంది, చప్పుడు చేయకుండా పెడుతుంది. దానికన్నా నా నెత్తిన బోర్లించినా బాగుండేది.

ఏడాది కాగితం అచ్చుకిచ్చాను. గెన్కో కుంచె పెట్టనిదే వేయమన్నాను. అచ్చు వేసే అమ్మాయి ఫోటో చూసి, "మామయ్యా, ఇది పాడైంది, ఇంకోటి లేదా?" అంది. రెండోసారి చూసి పెన్సిలు అందుకుంది. కింద మాటలు నేనే చెప్పాను. "యసెన్ మనల్ని వదిలి ఏడాది. వాడు తాళం దొంగిలించలేదు. తండ్రి ఇచ్చాడు." అంతే. ఎప్పుడూ వేసే దేవదూతల పద్యం వద్దన్నాను. నిన్న పొద్దున మన గుమ్మానికి ఒకటి అంటించాను. మేకులు కొట్టేటప్పుడు పాలమనిషి వీధిలో ఆగి చదివింది. క్యాను ఎత్తుకుని వెళ్ళింది. ఇప్పటికి ఊరంతా తెలిసే ఉంటుంది. మిగతావి, చర్చికీ బస్టాండుకూ మిల్లు గేటుకూ, సొరుగులో ఉన్నాయి. వచ్చే నెల పెద్దల శనివారానికి నువ్వు వస్తానన్నావు కదా. అవి నువ్వు అంటించినా, పొయ్యిలో వేసినా నీ ఇష్టం. వాడు నీ కొడుకు.

నువ్వు రాశావు, క్షమించానని. ఆ క్షమాపణ వాడి దగ్గరి నుంచి వెనక్కి తీసుకో రడ్కా. వాడికి అక్కర్లేదు. అడిగాడు, ఇచ్చారు, తీసుకున్నాడు. నీ బిడ్డ చేసిన ఆఖరి పని తండ్రిని అనుమతి అడగడం. అది తిరిగి తీసుకుని నాకివ్వమని అడగటం లేదు. దాన్ని ఏం చేసుకుంటావో నీ ఇష్టం, వాడి మీద మాత్రం ఉంచకు.

పోయిన వారమంతా మిల్లు అయ్యాక కూర్చుని కెమెరా బాగుచేశాను. పిన్ను సరిచేశాను, గుడ్డ కొత్తది వేయలేదు. వాడు వేసిన మసి అతుకులు అలాగే ఉన్నాయి, వెలుతురు చుక్కంత కూడా కారడం లేదు. ఒక ఫిల్ము వేసి నేనే తీశాను, ప్రతిసారీ "ముందు తిప్పు, తర్వాత వేగం" అని పైకి అనుకుంటూ. నాలుగు ఫోటోలు దీనితో పెడుతున్నాను. ఒకటి మీ అమ్మ, నా వైపు వీపు పెట్టి నిలబడింది, తిరగమంటే తిరగలేదు. ఒకటి సమాధి, మన చెట్టు దానిమ్మకాయ పెట్టాను. ఒకటి గుమ్మం, కాగితంతో సహా. నాలుగోది వాడి ఆఖరి ఫోటో, గెన్కో చెయ్యి పడనిది. అది మొదట చూడకు. కూర్చుని చూడు.

కెమెరాను కూడా వల్చో చేతికి ఇస్తున్నాను, పచ్చడి సీసాల మధ్య గుడ్డల్లో చుట్టి. అందులో కొత్త ఫిల్ముంది. నేనే తిప్పి, నేనే వేగం తగ్గించి పెట్టాను, నువ్వు ఏ చక్రమూ ముట్టుకోనక్కర్లేదు. కిటికీ దగ్గర కూర్చుని సిన్యోరాను నొక్కమను. నా ప్రశ్న ఒక్కటే. శనివారం నువ్వు వచ్చేసరికి నేను ఈ ఇంట్లో ఉండవచ్చా? ఉత్తరం రాయడం కష్టమైతే రాయకు. ప్రశ్న చదువుకుని, ఆవిడ నొక్కుతుండగా మన పద్ధతిలో తల ఊపు. కెమెరా అలాగే వల్చోకు ఇచ్చెయ్. ఫిల్ము గెన్కో కడిగి ఇస్తాడు. నిలువుగా ఊపితే మిల్లు గదికి వెళ్ళిపోతాను, నా సామాను ఇప్పటికే కట్టి పెట్టాను. కదలకుండా కూర్చున్నావనుకో, నీ మొహమైనా స్పష్టంగా పడుతుంది. అదీ చాలు నాకు.

ఇట్లు,
ముందు తల ఊపి, తర్వాత ఆలోచించిన గాడిద,
మన యసెన్ తండ్రి,
దోబ్రి